మజ్జిగలో మాత్ర

"ఇందులో ఏం కలిపినవే?" అని అడిగింది అక్క.

"ఏం లేదక్కా, ఉప్పే" అన్నాను నేను.

2003 మే నెల. భద్రాచలంలో గోదావరి ఒడ్డుకు దగ్గరగా ఉన్న మా అమ్మ ఇల్లు. వంటింటి గడప మీద కూర్చుని ఉంది అక్క. చేతిలో స్టీలు గ్లాసు. ఆ మజ్జిగలో ఉప్పుతో పాటు నేను రోట్లో నూరి కలిపిన రిస్పెరిడోన్ మాత్ర ఉంది. అప్పటికి ఏడాదిగా అక్కను పట్టి పీడిస్తున్న అనుమానం ఒక్కటే, ఇంట్లోవాళ్ళు తన తిండిలో ఏదో కలుపుతున్నారని. ఆ అనుమానాన్ని చూసే డాక్టరు స్కిజోఫ్రీనియా అన్నాడు. ఆ అనుమానం పోగొట్టడానికి మేం నిజంగానే ఆమె తిండిలో మందు కలపడం మొదలుపెట్టాం.

ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. మహిళా కళాశాలలో పాఠాలు చెప్పాను, స్త్రీల మాటకు విలువ ఉండాలని సభల్లో మాట్లాడాను, వ్యాసాలు రాశాను. ఇంట్లో మాత్రం మూడేళ్ళ పాటు ఒక స్త్రీకి రోజుకు రెండుసార్లు అబద్ధం చెప్పాను. అక్క అనుమతితోనే ఇప్పుడు ఇది రాస్తున్నాను. "పేరు రాయకు, మిగతాది రాసుకో" అంది.

అక్కను దుమ్ముగూడెం వైపు ఒక ఊరికి ఇచ్చారు. బావ తునికాకు కాంట్రాక్టర్ల దగ్గర గుమాస్తాగా చేసేవాడు. ఆకు సీజన్లో ఇంటికి రావడమే తక్కువ. పెద్ద ఇల్లు, అత్తగారు, ఇద్దరు పిల్లలు, రెండు గేదెలు. నలభై ఒకటో ఏట అక్కకు గొంతులు వినపడటం మొదలైంది. చాలాకాలం ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగితే, "అత్తమ్మ గొంతే గదా, కొత్తగా ఏం చెప్పాలె?" అంది. ఆ గొంతు ఆమెను తిట్టేది. గిన్నెలు తోమలేదని, పొయ్యి ఆర్పలేదని, కుడితి పెట్టలేదని. అత్తగారు పక్క గదిలో నిద్రపోతున్నా ఆ గొంతు వినపడేది. అర్ధరాత్రి లేచి తోమిన గిన్నెలే మళ్ళీ తోమేది అక్క.

దీన్ని మా ఇంటి వింతగానే అనుకున్నాను చాలాకాలం. 2015లో టాన్యా లూర్మన్ అనే అమెరికన్ మానవశాస్త్రజ్ఞురాలు, ఆమె సహపరిశోధకులు ప్రచురించిన అధ్యయనం చదివాక నా అభిప్రాయం మారింది. కాలిఫోర్నియాలో, ఘనాలోని అక్రాలో, మన చెన్నైలో ఇరవై మంది చొప్పున రోగులను కలిసి, మీకు వినపడే గొంతులు ఎవరివి, ఏం చెబుతాయి అని అడిగారు. అమెరికాలో చాలామందికి అవి ఎవరో ముక్కూముఖం తెలియనివాళ్ళ గొంతులు, హింస గురించి మాట్లాడేవి. చెన్నైలో సగానికి పైగా రోగులకు అవి బంధువుల గొంతులు. ఇంటిపనులు చెయ్యమని పురమాయించేవి, మందలించేవి. అది చదివి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. మెదడులో ఏ రసాయనం ఎక్కువైనా, ఆ రసాయనం మాట్లాడే భాష మాత్రం మన వంటింటి భాషే.

మొదట డాక్టరు దగ్గరికి పోలేదు, ఎవరం పోతాం? అత్తగారు గాలి సోకిందన్నారు. మైదానపు ఊళ్ళో ఒక భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోయారు. అతను నిమ్మకాయలు కోసి, ఇది చేతబడి అని, చేసింది ఫలానా దిక్కు ఇంట్లో ఉండే ఒంటరి ఆడమనిషి అని తేల్చాడు. ఆ దిక్కున ఒక విధవరాలు ఉంది. మా అమ్మ అక్కణ్ణుంచి అక్కను లేవదీసుకు వచ్చింది. అమ్మకు చదువు లేదు గాని, ఆ మాట ఊళ్ళోకి పోతే ఏమవుతుందో తెలుసు. ఈ ప్రాంతంలో చేతబడి నెపంతో ఆడవాళ్ళను కొట్టిన, చంపిన వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఒక స్త్రీ జబ్బుకు ఇంకో స్త్రీ నేరస్తురాలవుతుంది.

తర్వాత మా ఇంటికి చింతపండు, ఇప్పపువ్వు తెచ్చే కోయ పెద్దావిడ ఒకామె తమ గూడెంలో వడ్డె దగ్గరికి తీసుకెళ్ళింది. నేనూ వెళ్ళాను. ఆయన అక్కను ఎదురుగా కూర్చోబెట్టి, ఆ గొంతుతోనే మాట్లాడాడు. ఎవరు నువ్వు, ఎందుకొచ్చావు, ఏం కావాలి అని. అక్క జవాబులు చెప్పింది. గంట సేపు. జబ్బు తగ్గలేదు. కాని ఆ గంట అక్క చెప్పింది ఒక మనిషి శ్రద్ధగా విన్నాడు. దీన్ని నేను గొప్ప వైద్యం అని చెప్పబోవడం లేదు. అడవిలో అంతా బాగుంటుందన్న పట్నపు భ్రమ కూడా నాకు లేదు. విన్నాడని మాత్రమే చెబుతున్నాను, ఎందుకంటే ఆ తర్వాత చాలా ఏళ్ళు ఎవరూ వినలేదు.

ఖమ్మంలో మేం కలిసిన డాక్టరు అక్కను ఒక్కసారి చూశాడు. రెండోసారి అక్క బస్సు ఎక్కనంది. "ఆమె రానక్కర్లేదు, ఎలా ఉందో మీరొచ్చి చెప్పండి, నేను రాసిస్తాను" అన్నాడు. మందు వేసుకోదండీ అంటే, "మజ్జిగలోనో పప్పులోనో కలిపెయ్యండి. అందరూ చేసేదే" అన్నాడు. నిజమే, అందరూ చేసేదే. ఆ తర్వాత ఎంతమంది తల్లులు, వదినలు, కూతుళ్ళు నాతో గుసగుసగా ఇదే చెప్పారో లెక్కలేదు. ఎవరు దేంట్లో కలిపేదీ కూడా చెప్పారు. అందరూ ఆడవాళ్ళే. మందు రాసేది ఒకరు, పెట్టమనేది ఇంకొకరు. కలిపే చెయ్యి మాత్రం ఇంటి ఆడదానిది. వంట మన చేతిలో ఉన్నందుకు మోసమూ మన వాటాకే వచ్చింది.

మందు పనిచేసింది. ఇది దాచకూడదు. ఆరు వారాలకు అక్క రాత్రిళ్ళు నిద్రపోయింది. మూడో నెలలో పిల్లల గురించి అడిగింది. ఆరో నెలకు అమ్మతో కలిసి పచ్చళ్ళు పెట్టింది. 1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అనే ఇద్దరు వైద్యులు క్లోర్‌ప్రోమజీన్ వాడి ఫలితాలు ప్రకటించేదాకా ఈ జబ్బుకు గొలుసులు, చన్నీళ్ళు, తాళాలు తప్ప చెప్పుకోదగ్గ మందు లేదు. డోపమైన్ అనే రసాయనం అందుకునే గ్రాహకాలను ఈ మందులు అడ్డుకుంటాయని తర్వాత తెలిసింది. ఏ మందుకూ లొంగని రోగుల్లో క్లోజాపిన్ పనిచేస్తుందని 1988లో రుజువైంది, రక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉందని అంతకు ముందే చాలాచోట్ల దాన్ని పక్కన పెట్టేసినా. మందుల కంపెనీల మీద నాకు ఎన్ని అనుమానాలున్నా, మా అక్క నిద్రపోయిన ఆ మొదటి రాత్రిని నేను కాదనలేను. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో దర్గా పక్కన నడిచిన ఆశ్రమంలో గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మంటల్లో పోయారు. మందు వద్దనేవాళ్ళు అదీ గుర్తుపెట్టుకోవాలి.

అయితే ఏడో నెలలో ఇంకోటి జరిగింది. అక్కకు నెలసరి ఆగిపోయింది. రొమ్ముల నుంచి పాలు వచ్చాయి. పిల్లలు కాలేజీకొచ్చిన వయసులో జాకెట్టు తడుస్తుంటే అక్క భయపడి అమ్మతో, "నాకు ఏదో చేసిన్రు. కడుపు చేసిన్రు" అంది. నేను ఖమ్మం వెళ్ళి డాక్టరుకు అదే చెప్పాను. ఆయన కాగితం మీద నుంచి తల ఎత్తలేదు. "భ్రమలు మళ్ళీ వస్తున్నాయి" అని మోతాదు పెంచాడు. నేను పెంచిన మోతాదు మజ్జిగలో కలిపాను.

ఇప్పుడు ఏ వైద్య విద్యార్థిని అడిగినా చెబుతారు. రిస్పెరిడోన్ వంటి మందులు డోపమైన్‌ను అడ్డుకున్నప్పుడు ప్రోలాక్టిన్ అనే హార్మోను పెరుగుతుంది, నెలసరి ఆగుతుంది, పాలు వస్తాయి. ఇది 2003లోనూ తెలిసిన విషయమే. అంటే అక్క తన శరీరం గురించి అక్షరాలా నిజం చెప్పింది. ఏదో చేశారు అన్నది నిజం. చేసింది మేమే అన్నది నిజం. కడుపు అన్న ఒక్క మాట తప్పు, అదీ ఆ లక్షణాలు చూసి ఏ ఆడదైనా అనుకునేదే. ఆ నిజం డాక్టరు చెవిలో భ్రమగా మారింది, నా చెవిలోనూ మారింది. నేను ఆడదాన్ని, ఇద్దరు పిల్లల్ని కన్నదాన్ని, ఆ తడిసిన జాకెట్లు ఉతికినదాన్ని. అయినా నమ్మలేదు.

మిరాండా ఫ్రికర్ అనే తత్వవేత్త 2007లో రాసిన పుస్తకంలో, ఒక మనిషి ఎవరన్నదాన్ని బట్టి ఆమె మాటకు విలువ తగ్గించడం కూడా అన్యాయమే అని, జ్ఞానం విషయంలో జరిగే అన్యాయం అని చర్చించింది. మన పల్లెల్లో ఆ సిద్ధాంతం అక్కర్లేకుండానే అందరికీ తెలుసు, "పిచ్చిదాని మాట" అంటే చాలు. కాని స్కిజోఫ్రీనియా విషయంలో ఇందులో ఒక విచిత్రమైన మెలిక ఉంది. 2016లో సి4 అనే జన్యువుకు, మెదడులో నాడీ సంధులను కత్తిరించే ప్రక్రియకు సంబంధం చూపారు. 2022లో జన్యుపటంలో 287 చోట్ల ఈ జబ్బుతో ముడిపడిన తేడాలు గుర్తించారు. ఇంత జరిగినా, ఇవాళ్టికీ రోగ నిర్ధారణకు ఒక రక్తపరీక్ష గాని, స్కానింగు గాని లేదు. డాక్టరు రోగి మాట వింటాడు, ఇంట్లోవాళ్ళు చెప్పింది వింటాడు, ప్రవర్తన చూస్తాడు. ప్రధాన సాక్ష్యం ఆమె మాటే. ఆ మాట మీద ఆధారపడి పేరు పెడతారు. పేరు పెట్టిన క్షణం నుంచి ఆమె మాట సాక్ష్యంగా పనికిరాదు. ఇంకా పైన, తనకు జబ్బుందని ఒప్పుకుంటే ఎరుక ఉందంటారు, ఒప్పుకోకపోతే ఎరుక లేకపోవడమే జబ్బు లక్షణమంటారు. ఆమె ఎటు తిరిగినా గోడే.

ఇక్కడ నాతో నేనే వాదించుకోవాలి. తనకు జబ్బుందని తెలియకపోవడం ఈ జబ్బులో నిజంగానే ఉంటుంది. అక్క మొదటి నెలల్లో నాలుగు రోజులు అన్నం ముట్టలేదు, గోదావరి వైపు నడిచింది. ఆ స్థితిలో ఆమె స్వేచ్ఛను గౌరవిస్తున్నాం అని కూర్చుంటే, ఆమెను వదిలించుకోవడానికి మేం వెతుక్కున్న మర్యాదైన పేరు అది అయ్యేది. స్వేచ్ఛ అన్న మాట చేతిలో చెయ్యి వేసి కూర్చోవడానికి బాగా పనికొస్తుంది. బావ అదే చేశాడు. "దాని ఇష్టం, నేనేం జెయ్య" అని పుట్టింటికి పంపించి, రెండేళ్ళలో ఇంకో ఇల్లు పెట్టుకున్నాడు. కోర్టుకు కూడా పోలేదు, పోవలసిన అవసరమే రాలేదు. చెన్నైలో డాక్టర్ శారదా మీనన్ 1984లో స్థాపించిన స్కార్ఫ్ సంస్థలో డాక్టర్ తారా, సహచరులు 2003లో ఇలా కాపురాలు తెగిపోయిన స్త్రీల మీదే అధ్యయనం ప్రచురించారు. జబ్బు మచ్చ కంటే మొగుడు వదిలేసిందన్న మచ్చే ఆ ఆడవాళ్ళనూ, వాళ్ళ కుటుంబాలనూ ఎక్కువ బాధించిందని అందులో ఉంది. మా అమ్మను ఎవరూ అడగలేదు గాని అడిగితే అదే చెప్పేది.

చట్టం కొంత నయం. 1976 సవరణతో హిందూ వివాహ చట్టంలో విడాకుల కారణాల వివరణలోకి స్కిజోఫ్రీనియా అన్న మాట పేరుపెట్టి మరీ ఎక్కింది. జబ్బుకు ఆ పేరుంటే చాలదు, కలిసి బతకలేనంత తీవ్రత ఉందో లేదో చూడాలని సుప్రీంకోర్టు 1988లో చెప్పింది. 2013లో మన తెలుగు దంపతుల కేసులోనే భర్తకు విడాకులు నిరాకరించింది. ఆ భార్య స్వయంగా డాక్టరు, ప్రభుత్వోద్యోగం చేస్తూ ఉంది. తీర్పు మంచిదే. కాని ఉద్యోగం చేస్తున్న డాక్టరు కాబట్టి ఆమె గెలిచింది. గేదెలకు కుడితి పెట్టే మా అక్కకు ఏ సర్టిఫికెట్ చూపించి తెలివి ఉందని రుజువు చేస్తాం?

మళ్ళీ మజ్జిగ దగ్గరికి వస్తాను. 2006 ఆగస్టులో గోదావరి పొంగింది. మా వీధిలోకి నీళ్ళొచ్చాయి. అందరినీ ఒక బడికి తరలించారు. మాత్రలు నా సంచిలో ఉన్నాయి గాని, కలపడానికి వంటిల్లు లేదు. పెద్ద గుండిగల్లో వండి అందరికీ ఒకే అన్నం, ఒకే పప్పు. రెండో రోజు మధ్యాహ్నం అక్క విస్తరి మొత్తం ఖాళీ చేసి, మళ్ళీ పెట్టించుకుని, చెయ్యి కడుక్కుంటూ నాతో అంది: "ఇక్కడి అన్నం శుభ్రంగ ఉందే. ఇండ్ల ఏం లేదు."

నేను అప్పుడేం మాట్లాడలేకపోయాను. రాత్రి బడి వరండాలో పక్కపక్కన పడుకున్నప్పుడు చెప్పేశాను. మూడేళ్ళుగా కలుపుతున్నానని, నీ మంచికేనని, డాక్టరు చెప్పాడని. ఏడుస్తూ చెప్పాను. అక్క ఏడవలేదు.

"నాకు తెల్సు" అంది. "చేదు తెల్వదా? మరి నన్ను పిచ్చిదాన్ని ఎందుకన్నరే?"

ఈ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

చెప్పేశాక అంతా చక్కబడిందని రాస్తే బాగుండేది. అలా జరగలేదు. అక్క మందు మానేసింది. మూడు నెలలకు గొంతులు తిరిగొచ్చాయి. ఇంట్లో ఎవరి చేతి తిండీ తినలేదు, బజారులో అరటిపళ్ళు తానే కొనుక్కుని తొక్క తనే ఒలుచుకుని తినేది. చివరికి ఆస్పత్రిలో చేర్చాం. బలవంతంగా ఇంజెక్షను వేశారు, కాగితం మీద సంతకం నాది. అబద్ధం చెప్పి కలిపిన మందు, నిజం చెప్పి పొడిచిన సూది, రెంటిలో ఏది తక్కువ హింస? ఆ వారం నాకు తెలియలేదు. అక్క తర్వాత చెప్పింది, సూదే నయం అని. "సూది వేసేటోళ్ళు మొహం మీదనే వేసిన్రు."

ఆ తర్వాత మాకు ఖమ్మంలోనే ఒక డాక్టరమ్మ దొరికింది. ఆమె చేసిన మొదటి పని నన్ను గది బయట కూర్చోబెట్టడం. పాల సంగతి అక్క ఆమెకు చెప్పింది. ఆమె రక్తపరీక్ష చేయించి, మందు మార్చింది. రెండు నెలల్లో నెలసరి వచ్చింది. అక్క మందు వేసుకోవడం మొదలుపెట్టింది, అప్పుడప్పుడు మానేస్తుంది, మానేస్తున్నానని చెప్పి మానేస్తుంది.

అందుకే నాకు ఇప్పుడు అసలు తప్పు ఎక్కడ జరిగిందో కొంత తెలుస్తోంది. 2003 మేలో నన్ను మళ్ళీ నిలబెడితే, అన్నం మానేసి ఏటి వైపు నడిచే మనిషికి ఆ మొదటి వారాల్లో కలుపుతానేమో. కలపనని ప్రమాణం చెయ్యలేను. కాని ఆరో నెలలో అక్క పచ్చళ్ళు పెడుతోంది, పిల్లల ఫీజుల గురించి మాట్లాడుతోంది. అడిగితే ఆలోచించి జవాబు చెప్పగల మనిషిగా ఆమెను మందు మాకు తిరిగి ఇచ్చింది. మేం అడగలేదు. ఎందుకంటే అడగాలంటే అప్పటిదాకా చేసింది ఒప్పుకోవాలి. మొదట్లో ఆమె ప్రాణం కోసం చెప్పిన అబద్ధాన్ని తర్వాత మా సుఖం కోసం కొనసాగించాం. దానికి పేరు మాత్రం ప్రేమ అనే పెట్టుకున్నాం. మన ఇళ్ళల్లో ఆడపిల్లలకు జరిగే చాలా వాటికి అదే పేరు.

మన దేశంలో ఈ ప్రశ్నను స్త్రీవాదంలోకి బలంగా తెచ్చిన మనిషి భార్గవి దావర్. భారతీయ స్త్రీల మానసిక ఆరోగ్యంపై ఆమె పుస్తకం 1999లో వచ్చింది. తల్లి పేరు మీద పుణెలో బాపు ట్రస్టు నడిపింది. ఆ తల్లి మానసిక చికిత్సాలయాల్లో అనుభవించింది కళ్ళారా చూసిన కూతురు ఆమె. 2024లో చనిపోయింది. బలవంతపు వైద్యం ఏ రూపంలోనూ వద్దన్న ఆమె వాదనతో నేను పూర్తిగా ఏకీభవించలేను, గోదావరి వైపు నడిచిన అక్క గుర్తొస్తుంది. కాని ఆమె అడిగిన ప్రశ్న లేకపోతే నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లోకి వచ్చింది. గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. మళ్ళీ జబ్బు చేస్తే తనకు ఏ వైద్యం కావాలో, ఏది వద్దో మనిషి బాగున్నప్పుడే రాసిపెట్టుకోవచ్చు, తన తరఫున మాట్లాడే మనిషిని తానే ఎంచుకోవచ్చు అంది. ఇది కాగితం మీద పెద్ద ముందడుగే. మారుమూల అడవి ఊళ్ళో ఉన్న మనిషికి ఆ కాగితం నమోదు చేసే బోర్డు ఎక్కడుందో ఎవరు చెబుతారు? భద్రాచలం నుంచి ఖమ్మం 120 కిలోమీటర్ల దాకా ఉంటుంది, ఎర్రగడ్డ మూడు వందలకు పైన. ఇంటికే వచ్చి మాట్లాడే మామూలు ఆరోగ్య కార్యకర్తలతో మేలు జరుగుతుందని 2014లో తమిళనాడు, గోవా, మహారాష్ట్రల్లో 282 మందితో చేసిన పరిశోధన చూపింది. మేలు బ్రహ్మాండమేం కాదు, కొంత. మా దగ్గర ఆ కొంత కూడా చాలా అనిపిస్తుంది.

కొత్త మందుల వార్తలు అక్కకు చెబుతుంటాను. ఆడవాళ్ళలో ఈ జబ్బు మగవాళ్ళ కంటే కాస్త ఆలస్యంగా మొదలవుతుందని, నెలసరి ఆగే వయసు దగ్గర ఇంకోసారి పెరుగుతుందని, ఈస్ట్రోజన్‌కు ఇందులో పాత్ర ఉందని మెల్‌బోర్న్‌లో డాక్టర్ జయశ్రీ కులకర్ణి ఏళ్ళ తరబడి పరిశోధించింది. 2008లో ఈస్ట్రడయాల్ పట్టీలతో ఫలితాలు ప్రచురించింది. అమెరికాలో 1977 నుంచి 1993 దాకా కొత్త మందుల తొలి పరీక్షల్లోకి పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్ళను రానివ్వలేదని చెబితే, "అందుకే మన పాల సంగతి వాండ్లకు పట్టలే" అంది అక్క. 2024 సెప్టెంబరులో అక్కడే డోపమైన్ గ్రాహకాలను నేరుగా అడ్డుకోకుండా వేరే దారిలో పనిచేసే మందుకు మొదటిసారి అనుమతి వచ్చింది. వాంతులు అవుతాయట అంటే, "అయితే మజ్జిగల కలిపినా దాగదు" అని నవ్వింది. జపాన్ వాళ్ళు 2002లో ఈ జబ్బుకు మనసు చీలిన జబ్బు అన్న పాత పేరు తీసేసి కొత్త పేరు పెట్టుకున్నారని కూడా చెప్పాను. మనం ఏం పెట్టుకుందాం అక్కా అంటే ఆలోచించి, "పేరెందుకు, నా పేరు ఉంది గదా" అంది.

2019లో అక్క తన కాగితం రాయించింది. నేను రాశాను, తను చెప్పింది. ఇంజెక్షను వెయ్యొచ్చు. గదిలో పెట్టి తాళం వెయ్యొద్దు. బావకు కబురు చెయ్యొద్దు. మాట్లాడే మనిషిగా నా పేరు పెడుతుందనుకున్నాను, కూతురి పేరు పెట్టింది. ఏమీ అనలేదు నేను. చివర్లో ఒక వాక్యం రెండుసార్లు చదివించుకుంది: తిండిలో ఏదీ కలపొద్దు.

ఇప్పుడు ఆమెకు అరవై దాటాయి. సంక్రాంతికి ఖమ్మం మా ఇంటికొస్తుంది. నేను వండింది తింటుంది, నా చేతి కాఫీ తాగుతుంది. భోజనంలో చివరికొచ్చేసరికి మాత్రం లేచి వెళ్ళి, పెరుగు గిన్నె తనే తీసుకుని, నీళ్ళు తనే పోసుకుని, మజ్జిగ తనే చిలుక్కుంటుంది.